ఇజార్ (ఎప్సిలన్ బూటిస్) రెండుగా విడిపోవడం లేదు – 80 మి.మీ. రిఫ్రాక్టర్

తొలిచుక్క అడుగుతున్నారు:

టెలిస్కోప్: 80 మి.మీ. అక్రోమాట్ రిఫ్రాక్టర్ (కటకపు టెలిస్కోప్), ఫోకల్ లెంగ్త్ 900 మి.మీ. ఐపీస్‌లు 25 మి.మీ., 10 మి.మీ., వాటితో పాటు వచ్చిన 2x బార్లో (పవర్ పెంచే కటకం). డయాగనల్ (కాంతిని ఐపీస్ వైపు వంచే భాగం) కూడా డబ్బాలో వచ్చినదే, 45 డిగ్రీలది. మౌంట్‌కు మోటార్ లేదు.

లెక్క ప్రకారం 80 మి.మీ.కి డాస్ పరిమితి (టెలిస్కోప్ విడదీయగల కనీస దూరం) 116 ÷ 80 = 1.45 ఆర్క్‌సెకన్లు (ఆర్క్‌సెకన్ అంటే డిగ్రీలో 3600వ వంతు). బూటిస్ నక్షత్ర మండలంలోని ఇజార్ జంట మధ్య దూరం సుమారు 2.9. అంటే పరిమితికి రెట్టింపు. అయినా 90x దగ్గర ఒకే నారింజ చుక్క కనిపిస్తోంది. బార్లో పెట్టి 180xకి వెళితే చుక్క ఉబ్బుతోందే తప్ప విడిపోవడం లేదు. నక్షత్రం మీదుగా అటూ ఇటూ ఒక సన్నని వెలుగు గీత కూడా ఉంటోంది. ఆల్జీబా అనే మరో జంట మాత్రం ఇదే సామానుతో 90x దగ్గర రెండుగా తెలుస్తోంది.

లోపం టెలిస్కోప్‌లోనా, వాతావరణంలోనా, లేక 80 మి.మీ. చాలదా? ఇంకో సందేహం: చిన్న నక్షత్రం నీలంగా, పెద్దది నారింజ రంగులో ఉంటాయంటారు. రెండూ ఒకేసారి పుట్టినవే అయితే ఒకటే ఎందుకు ముసలిదయింది?

---

వలయాలు186 జవాబు:

80 మి.మీ. చాలు. కానీ డాస్ పరిమితిని మీరు దానికి సంబంధం లేని చోట వాడారు. ఆ సూత్రం దాదాపు సమాన కాంతి ఉన్న, ఆరో మాగ్నిట్యూడ్ (కాంతి కొలత, అంకె తగ్గితే కాంతి ఎక్కువ) చుట్టుపక్కల జంటలను చూసి కట్టినది. ఇజార్‌లో పెద్దది సుమారు 2.5, చిన్నది 4.8. తేడా 2.3 మాగ్నిట్యూడ్‌లు, అంటే కాంతిలో ఎనిమిది రెట్లకు పైనే. ఇలాంటి చోట అసలు అడగాల్సింది పెద్ద నక్షత్రం చుట్టూ ఏర్పడే వివర్తన వలయాలు (కాంతి అలల గుణం వల్ల నడిమి బిళ్ల చుట్టూ వచ్చే వెలుగు వలయాలు) ఎక్కడ పడుతున్నాయన్నది.

ఆకుపచ్చ కాంతికి (550 నానోమీటర్లు) మూడు అంకెలు గుర్తుంటే చాలు. ఆబ్జెక్టివ్ (ముందు కటకం) వ్యాసాన్ని మి.మీ.లలో తీసుకుని 138ని దానితో భాగిస్తే నడిమి బిళ్ల అంచు, 186ని భాగిస్తే మొదటి వెలుగు వలయం, 253ని భాగిస్తే దాని అవతలి చీకటి పట్టీ ఎన్ని ఆర్క్‌సెకన్ల దూరంలో ఉన్నాయో వస్తుంది. మీ 80కి ఇవి 1.73, 2.33, 3.16. సహచరి (చిన్న నక్షత్రం) 2.9 దగ్గర ఉంది కాబట్టి మొదటి వలయం దాటి, చీకటి పట్టీకి కాస్త ఇవతల పడుతోంది. చోటు బాగానే ఉంది. 60 మి.మీ.కి మొదటి వలయం 3.1 దగ్గర, అంటే సరిగ్గా సహచరి మీదే పడుతుంది. చిన్న టెలిస్కోప్‌లతో ఇజార్ దొరకదనే పేరు అందుకే వచ్చింది. 70 మి.మీ.కి వలయం 2.66, ఇదీ ఇబ్బందే. 100 మి.మీ. అయితే సహచరి రెండో వలయం దగ్గరికి వెళ్తుంది, ఆ వలయం ఎలాగూ చాలా మసక కాబట్టి పేచీ లేదు.

మచ్చలేని కటకంలో మొదటి వలయం వెలుగు, నడిమి బిళ్ల నడిబొడ్డు వెలుగులో 1.75 శాతమే. సహచరి వెలుగు సుమారు 12 శాతం. అంటే వలయం కన్నా సహచరి ఆరేడు రెట్లు కాంతివంతం. వలయం వలయంలా నిలబడితే దాని పక్కన ముత్యంలా తేలాల్సిందే. తేలడం లేదంటే ఆ వలయాన్ని ఏదో చెదరగొడుతోంది. మీరు చెప్పిన వెలుగు గీత ఆ "ఏదో" ఎవరో చెప్పేసింది: 45 డిగ్రీల డయాగనల్.

అది ఆమిచి పట్టకం. నేల మీది దృశ్యాలు తలకిందులు కాకుండా చూపించడానికి పెట్టేది. అందులో రెండు తలాలు కప్పు దూలంలా కలిసే అంచు కాంతి దారికి అడ్డంగా ఉంటుంది. ఆ అంచు కొంత కాంతిని ఒక గీతలా చిమ్ముతుంది. పైగా రెండు సగాల మధ్య కోణం కొన్ని ఆర్క్‌సెకన్లు తేడా వచ్చినా హై పవర్‌లో బొమ్మ ఉబ్బుతుంది, ఒక్కోసారి లేని జంటను కూడా చూపిస్తుంది. అనుమానం తీరాలంటే ఏదైనా ప్రకాశవంతమైన నక్షత్రం మీద పెట్టి డయాగనల్‌ను దాని గొట్టంలోనే 30 డిగ్రీలు తిప్పండి. గీత కూడా తిరిగితే దొంగ డయాగనలే. కదలకుండా ఉంటే ఆబ్జెక్టివ్ వైపు వెతకాలి.

ముందు డయాగనల్ పూర్తిగా తీసేసి చూడండి. ఐపీస్‌ను నేరుగా ఫోకసర్‌లో పెడితే ఫోకస్ అందకపోవచ్చు, ఎందుకంటే డయాగనల్ మింగే దారి పొడవును ఇప్పుడు ఫోకసర్ బయటికి వచ్చి పూరించాలి. అందకపోతే మధ్యలో పొడిగింపు గొట్టం కావాలి. నడినెత్తి దగ్గరి నక్షత్రానికి మెడ విరుచుకుని చూడటం నరకమే, పరీక్ష వరకు ఓర్చుకోండి. తర్వాత 90 డిగ్రీల అద్దం డయాగనల్ కొనుక్కోవచ్చు. మామూలు 90 డిగ్రీల పట్టకం అయినా ఎఫ్/11 (900 ÷ 80) దగ్గర బాగానే పనిచేస్తుంది.

---

నిలకడగాలి జవాబు:

పై సమాధానంతో ఏకీభవిస్తూనే, గాలిని మరీ వదిలేయకండి. 2.9 ఆర్క్‌సెకన్ల అసమాన జంటకు సీయింగ్ (గాలి వణుకు వల్ల బొమ్మ చెదిరే కొలత) 2 ఆర్క్‌సెకన్ల కన్నా చెడ్డగా ఉంటే ఏ డయాగనల్ మార్చినా ఒకటే.

చూసే వేళ: ఇజార్ డెక్లినేషన్ (ఆకాశంలో అక్షాంశం లాంటిది) +27 డిగ్రీలు. మీ అక్షాంశానికీ 27కీ ఉన్న తేడాను 90 నుంచి తీసేస్తే అది అత్యధికంగా ఎంత ఎత్తుకు వస్తుందో తెలుస్తుంది. మే మొదట్లో అర్ధరాత్రికీ, జూన్ మొదట్లో రాత్రి పదింటికీ ఆ ఎత్తుకు చేరుతుంది. 45 డిగ్రీలకు దిగువన ఉన్నప్పుడు వాతావరణమే పట్టకంలా పనిచేసి నక్షత్రాన్ని నిలువుగా సాగదీస్తుంది: ఒక అంచు నీలం, ఒక అంచు ఎరుపు. పెద్దది నారింజ, చిన్నది నీలం అని వెతికేవారికి ఇంతకన్నా పెద్ద మోసం లేదు. 60 డిగ్రీల పైన ఉన్నప్పుడే ప్రయత్నించండి.

టెలిస్కోప్ చల్లబడాలి. 80 మి.మీ. రిఫ్రాక్టర్‌కు అరగంట సరిపోతుంది, అద్దపు టెలిస్కోప్‌లకు గంట ఇవ్వాలి. పగలంతా ఎండ తాగిన సిమెంటు గచ్చు కన్నా మట్టి, గడ్డి మేలు. గొట్టం కింద మనుషులు నిలబడినా ఒంటి వేడి దారిలోకి వస్తుంది.

చాలామంది పట్టించుకోని సంగతి: పూర్తి చీకటి కోసం ఆగనక్కర్లేదు. సూర్యాస్తమయం తర్వాత ఆకాశం ఇంకా నీలంగా ఉండగానే చూస్తే పెద్ద నక్షత్రం మిరుమిట్లు తగ్గుతాయి, 4.8 మాగ్నిట్యూడ్ చుక్క మాత్రం 80 మి.మీ.లో హాయిగా నిలుస్తుంది. పైగా ఆ వేళ గాలి తరచు కాసేపు కుదురుగా ఉంటుంది. రంగు తేడా కొంచెం పలచబడుతుంది, అంతే నష్టం. చందమామ ఉన్నా ఫర్వాలేదు. వీధి దీపాలున్నా ఫర్వాలేదు. జంట నక్షత్రాలకు చీకటి కన్నా నిలకడ ముఖ్యం.

చోటు తెలియనివారికి: సప్తర్షి మండలం తోక వంపును పొడిగిస్తే స్వాతి. అక్కడి నుంచి ఈశాన్యంగా, చేయి చాచి పట్టిన పిడికిలి వెడల్పు (10 డిగ్రీలు) వెళితే తగిలే మొదటి ప్రకాశవంతమైన చుక్క ఇజార్.

---

వలయాలు186 జవాబు:

సంధ్య వేళ సలహా బంగారం. అడగడం మరిచాను: బార్లో ఎక్కడ పెడుతున్నారు? డయాగనల్ తర్వాత, ఐపీస్‌కు ముందు పెడితే 2x. డయాగనల్‌కు ముందే, ఫోకసర్‌లో పెడితే దూరం పెరిగి దాదాపు 3x అవుతుంది. అప్పుడు మీ 10 మి.మీ. ఐపీస్ 180x కాదు, 260x దాటుతుంది. 80 మి.మీ.కి అది దండగ. చుక్క "ఉబ్బడం"లో దీని వాటా కూడా ఉండొచ్చు. డబ్బాలో వచ్చే బార్లోలు చాలాసార్లు ఒంటి కటకంవి, అవి మరో పొర మసకను చేరుస్తాయి. 6 మి.మీ. ప్లోసెల్ (ఒక రకం ఐపీస్) ఒకటి దొరికితే 150x వస్తుంది, ఈ జంటకు ఈ టెలిస్కోప్‌లో అదే సరైన పవర్.

90x దగ్గర 2.9 ఆర్క్‌సెకన్లు కంటికి 4.4 ఆర్క్‌నిమిషాలుగా కనిపిస్తాయి. సమాన జంటకు అది చాలు. ఆల్జీబాలో 4.7 ఆర్క్‌సెకన్ల దూరం, తేడా ఒక మాగ్నిట్యూడ్ పైచిలుకే, అందుకే అది మీకు విడిపోయింది. ఇజార్‌కు 7 ఆర్క్‌నిమిషాలైనా ఉంటేనే మిరుమిట్లలోంచి చిన్నది బయటపడుతుంది.

---

తొలిచుక్క:

డయాగనల్ తిప్పితే గీత కూడా తిరిగింది. అది లేకుండా నేరుగా, బార్లోతో 180x దగ్గర ఇప్పుడు గుండ్రటి బిళ్ల, దాని చుట్టూ విరిగిన వలయం కనిపిస్తున్నాయి. వలయం మీద ఒక పక్క ముద్దలాంటిది ఉంటోంది. అది సహచరేనా, గాలి చేసే మాయా? ఎలా తేల్చాలి?

---

కోణమాని జవాబు:

దిక్కుతో తేల్చాలి. ఇజార్ సహచరి పొజిషన్ యాంగిల్ (ఉత్తరం నుంచి తూర్పు మీదుగా కొలిచే కోణం) సుమారు 345 డిగ్రీలు, అంటే ఉత్తరానికి 15 డిగ్రీలు పడమర పక్క. ఐపీస్‌లో ఉత్తరం ఎటో ఊహించవద్దు, కొలవండి. మీ మౌంట్‌కు మోటార్ లేకపోవడం ఇక్కడ కలిసొచ్చింది.

నక్షత్రాన్ని నడిమధ్యలో పెట్టి చేతులు తీసేయండి. అది తనంతట తాను జరుగుతూ ఒక అంచు నుంచి బయటికి వెళ్తుంది. వెళ్లే దిక్కే పడమర. ఈ డెక్లినేషన్‌లో నక్షత్రం సెకనుకు 13.4 ఆర్క్‌సెకన్లు జరుగుతుంది కాబట్టి 180x దగ్గర, 50 డిగ్రీల ఐపీస్‌లో మధ్య నుంచి అంచుకు అరనిమిషం పైన పడుతుంది. ఆ దారిని మనసులో గీత గీసుకోండి.

డయాగనల్ లేని రిఫ్రాక్టర్‌లోనూ న్యూటోనియన్ అద్దపు టెలిస్కోప్‌లోనూ బొమ్మ తిరిగి ఉంటుందే గానీ అద్దంలోలా కుడి ఎడమలు మారవు. అందుకని ఆ పడమర దిక్కు నుంచి అపసవ్యంగా 75 డిగ్రీలు వెళితే సహచరి ఉండాల్సిన చోటు వస్తుంది. 90 డిగ్రీల డయాగనల్ పెడితే బొమ్మ అద్దంలోలా మారుతుంది, అప్పుడు అదే 75 డిగ్రీలను సవ్యంగా లెక్కించాలి. ముద్ద అక్కడ ఉంటే సగం పని అయినట్టే.

మిగతా సగం: గాలి చేసే ముద్దలు వలయం చుట్టూ తిరుగుతూ, క్షణంలో పుట్టి క్షణంలో పోతుంటాయి. సహచరి ఊగినా మళ్లీ అదే చోటికి వస్తుంది. ఇంకో దొంగ కూడా ఉంది, ఆబ్జెక్టివ్ లోపం. కటకం ఒక పక్కకు వాలి ఉంటే వలయం ఒక వైపే మందంగా కనిపిస్తుంది, అది గాలితో మారదు. దాన్ని పట్టుకోవడానికి అంతే ప్రకాశం ఉన్న ఒంటరి నక్షత్రాన్ని, అదే ఎత్తులో, అదే పవర్‌లో చూడండి. అక్కడ కూడా అదే వైపు ముద్ద ఉంటే నింద టెలిస్కోప్‌ది. ఫోకస్‌ను కొంచెం లోపలికీ, కొంచెం బయటికీ జరిపి వలయాల కేంద్రం నడుమనే ఉందో లేదో కూడా చూడండి. ఒక పక్కకు జరిగి ఉంటే ఆబ్జెక్టివ్ అమరిక సరిచేయాలి. లెన్స్ బిగించిన రింగు మరీ బిగుతుగా ఉండి వలయాలు ముక్కోణంలా కనిపిస్తే, దాన్ని వెంట్రుకవాసి వదులు చేస్తే చాలు. కటకాలను మాత్రం విడదీయకండి. రెండు గాజుల మధ్య తిరుగుడు కోణం మారితే తిరిగి కుదరదు.

ఒక మెట్టు కింద నుంచి రావాలంటే అదే మండలంలో పై (π) బూటిస్ అనే జంట ఉంది: 4.9, 5.8 మాగ్నిట్యూడ్‌లు, 5.5 ఆర్క్‌సెకన్లు. తర్వాత ఆల్జీబా, ఆ తర్వాత ఇజార్. పై బూటిస్‌లో రెండు బిళ్లలు నల్లటి సందుతో విడిగా కనిపించని రాత్రి ఇజార్ జోలికి పోవడం వృథా.

---

అట్టముక్క జవాబు:

షట్కోణపు ముసుగు సంగతి ఎవరూ ఎత్తలేదు. నల్ల అట్ట మీద 40 మి.మీ. వ్యాసార్ధంతో వృత్తం గీసి, అదే కొలతతో వృత్తం మీద ఆరు గుర్తులు పెట్టి కలిపితే షట్కోణం. దాన్ని కోసి ఆబ్జెక్టివ్ ముందు పెట్టండి. వలయాల్లో ఉండే కాంతి ఆరు ముళ్లుగా సర్దుకుని, ముళ్ల మధ్య చీకటి సందులు ఏర్పడతాయి. సహచరి సందులో పడేలా ముసుగును తిప్పుకోవాలి. ముల్లు మీద ఉంటే 30 డిగ్రీలు తిప్పితే చాలు. పోయే కాంతి 17 శాతమే.

---

వలయాలు186 జవాబు:

ముసుగు మంచిదే, కానీ ఈ జంటకు కాదు. ముళ్ల మధ్య చీకటి బాగా తేరుకునేది బిళ్లకు కొంత దూరం వెళ్లాక. 80 మి.మీ.లో 2.9 ఆర్క్‌సెకన్లంటే మొదటి వలయం పక్కనే, అక్కడ ముసుగు ఇచ్చే లాభం తక్కువ, బిళ్ల మాత్రం కాస్త పెద్దదవుతుంది. సిరియస్ లాంటి 10 ఆర్క్‌సెకన్ల పైచిలుకు, విపరీతమైన కాంతి తేడా ఉన్న జంటలకు, అదీ పెద్ద టెలిస్కోప్‌లతో, దాని అసలు విలువ తెలుస్తుంది. ఖర్చు లేనిది కాబట్టి ప్రయత్నించడంలో తప్పులేదు.

అద్దపు టెలిస్కోప్‌లతో ఇది చదువుతున్నవారికి ఒక మాట. నడుమ అడ్డు అద్దం వ్యాసం ప్రధాన అద్దంలో మూడో వంతు ఉంటే మొదటి వలయం వెలుగు రెట్టింపుకు మించుతుంది. అయినా 114 మి.మీ. న్యూటోనియన్‌లో ఆ వలయం 1.6 దగ్గరే పడుతుంది కాబట్టి ఇజార్ అందులో రావాలి. రాకపోతే కొలిమేషన్ (అద్దాల అమరిక) చూడండి. పొట్టి గొట్టంలో 1000 మి.మీ. ఫోకల్ లెంగ్త్ ఇస్తామనే రకాల్లో ఫోకసర్ లోపల దిద్దుబాటు కటకం ఒకటి దాగి ఉంటుంది, కొలిమేషన్ చేసేముందు దాన్ని తీయకపోతే లేజర్ చూపేదంతా అబద్ధం.

---

గుండెలోహీలియం జవాబు:

"ఒకటే ఎందుకు ముసలిదయింది" అన్న ప్రశ్న మిగిలిపోయింది.

రెండూ ఒకే మేఘంలో కలిసి పుట్టాయి, కానీ బరువు వేరు. పెద్దదాని ద్రవ్యరాశి సూర్యుడికి సుమారు 4.6 రెట్లు. నక్షత్రం బరువు పెరిగితే ఇంధనం పెరుగుతుంది, ఖర్చు అంతకన్నా ఎన్నో రెట్లు పెరుగుతుంది. కాంతి దాదాపు ద్రవ్యరాశి మూడున్నర ఘాతంతో పెరుగుతుందనుకుంటే, ఆయుష్షు రెండున్నర ఘాతంతో తరుగుతుంది. సూర్యుడికి కేంద్రంలో హైడ్రోజన్ వెయ్యి కోట్ల ఏళ్లు వస్తే, ఇలాంటి నక్షత్రానికి పది కోట్ల ఏళ్ల స్థాయిలోనే అయిపోతుంది. అయిపోయాక కేంద్రం కుంచించుకుని వేడెక్కుతుంది, దాని చుట్టూ పొరలో హైడ్రోజన్ మండుతుంది, పై పొరలు ఉబ్బి చల్లబడతాయి. ఇజార్ ఎ (పెద్దది) ఇప్పుడు కె0 తరగతి (తరగతి ఉపరితల వేడిని బట్టి) జెయింట్: ఉపరితలం సుమారు 4,550 కెల్విన్, వ్యాసార్ధం సూర్యుడికి 33 రెట్లు, కాంతి సుమారు 500 రెట్లు. సూర్యుడి స్థానంలో పెడితే మన ఆకాశంలో 17 డిగ్రీలకు పైగా వెడల్పున ఉంటుంది. అంత ఉబ్బినా బుధుడి కక్ష్యలో సగం దూరం కూడా చేరదు.

సహచరి ఎ2 తరగతి, ఇంకా కేంద్రంలో హైడ్రోజనే మండిస్తోంది. దాని వంతు తర్వాత వస్తుంది.

రంగు గురించి మాత్రం కాస్త జాగ్రత్త. ఎ2 నక్షత్రం నిజంగా తెలుపే, లేత నీలం ఛాయ ఉంటే ఉంటుంది. ముదురు నీలం, ఆకుపచ్చ అని వర్ణించేవన్నీ పక్కనున్న నారింజ వల్ల కంటిలో పుట్టేవి. పెద్ద నక్షత్రం రంగు స్పష్టంగా కావాలంటే ఫోకస్‌ను రవ్వంత తప్పించండి. కాంతి కొంచెం పరుచుకుంటే రంగు తేలుతుంది. మీ అక్రోమాట్ తనవంతుగా ఊదా అంచు జోడిస్తుంది, ఎఫ్/11 కాబట్టి కొద్దిగానే. దాన్ని సహచరి రంగుగా లెక్కేయకండి.

విలియం హెర్షెల్ 1779లో దీన్ని జంటగా గుర్తించాడు. జంట నక్షత్రాల స్ట్రూవే జాబితాలో దీని సంఖ్య 1877. దూరం సుమారు 200 కాంతి సంవత్సరాలు కాబట్టి 2.9 ఆర్క్‌సెకన్లు అంటే రెంటి మధ్య కనీసం 180 ఖగోళ ప్రమాణాలు (ఒక ప్రమాణం అంటే భూమికీ సూర్యుడికీ మధ్య దూరం). ఒక చుట్టుకు వెయ్యేళ్ల స్థాయి కాలం పడుతుంది, ఇన్నాళ్ల కొలతల్లో దొరికింది కక్ష్యలో చిన్న చాపమే. మీరు పదేళ్ల తర్వాత చూసినా దూరం దాదాపు ఇదే.

---

తొలిచుక్క:

అల్గోల్ అనే జంటలో తేలిక నక్షత్రమే ముసలిదని చదివాను. అది ఈ లెక్కకు ఎదురు కదా?

---

గుండెలోహీలియం జవాబు:

ఎదురులా కనిపిస్తుంది. అల్గోల్‌లో ఉబ్బిన కె తరగతి నక్షత్రం సూర్యుడిలో 0.8 వంతు లోపే, ఇంకా యవ్వనంలో ఉన్న బి8 నక్షత్రం మూడు రెట్లకు పైనే. కానీ పుట్టినప్పుడు ఆ తేలికదే బరువైనది. 2.87 రోజులకోసారి తిరిగేంత దగ్గరగా ఉండటంతో, ముందుగా ఉబ్బిన నక్షత్రం పై పొరలు పక్కదానికి జారిపోయాయి. ఇజార్‌లో ఆ ప్రమాదం లేదు. 180 ఖగోళ ప్రమాణాల అవతల ఉన్న నక్షత్రానికి 0.15 ఖగోళ ప్రమాణాల వ్యాసార్ధమున్న జెయింట్ ఏమీ ఒలికించలేదు. అందుకే ఇలాంటి విశాలమైన జంటల్లో బరువు, వయసు లెక్క సూటిగా పనిచేస్తుంది.

---

కోణమాని జవాబు:

కంటితో తేలాక ఫొటో తీసి కొలవాలనిపిస్తే: గ్రహాల కెమెరా ఏదైనా చాలు, కానీ మీ మౌంట్‌కు మోటార్ కావాలి, లేదా నక్షత్రం చట్రం దాటే ప్రతిసారీ వెనక్కి తెచ్చుకోవాలి. 3.75 మైక్రాన్ల పిక్సెల్ ఉంటే 900 మి.మీ. దగ్గర ఒక పిక్సెల్ 0.86 ఆర్క్‌సెకన్లు, 2x బార్లోతో 0.43. జంట మధ్య ఆరేడు పిక్సెళ్లు వస్తాయి, కొలతకు సరిపోతుంది. ఎక్స్‌పోజర్ 10–20 మిల్లీసెకన్లు. ఎక్కువసేపు తెరిచి ఉంచితే గాలి వణుకు బొమ్మలో కలిసిపోతుంది. పెద్ద నక్షత్రం వెలుగు 0–255 కొలమానంలో 200 దాటకుండా గెయిన్ (కెమెరా సున్నితత్వం) పెట్టండి, అప్పుడు చిన్నది 25 దగ్గర ఉంటుంది. నేపథ్యం 5 లోపు ఉంటే చక్కగా తేలుతుంది. చిన్నది బాగా కనిపించాలని గెయిన్ పెంచితే పెద్దది నిండిపోయి దాన్ని మింగేస్తుంది, అందరూ చేసేది అదే. వెయ్యి ఫ్రేములు తీసి మంచివి పది శాతమే పేర్చండి. చివర్లో ట్రాకింగ్ ఆపి నక్షత్రం చట్రం దాటేవరకు కొన్ని సెకన్లు రికార్డ్ చేయడం మరవకండి. పొజిషన్ యాంగిల్‌కు తూర్పు పడమరల గీత ఇచ్చేది ఆ ముక్కే.